వరద సాయానికి ట్రైనింగ్ ఇచ్చి వెళ్లిపోయారు, లైఫ్ జాకెట్లేమో బీరువాలో ఉన్నాయి. కలెక్టర్ గారికి ఏమని రాయాలి?

చెయ్యేటి ఒడ్డు (నందలూరు దగ్గర పల్లె) | ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదివేదే ఎక్కువ, రాసేది తక్కువ. ఈసారి మీ సలహా కావాలి, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

మా ఊరు చెయ్యేరు నదికి దగ్గర. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఏమైపోయాయో మీరు టీవీలో చూసుంటారు. మేం కళ్లతో చూశాం. కార్తీక పౌర్ణమి రోజది. పైన పింఛా ప్రాజెక్టు నుంచి వచ్చిపడిన నీళ్లకు తెల్లవారుజామున మట్టికట్ట తెగింది. ఆ పొద్దున మా మేనత్త వాళ్ల మిద్దె మీద పదకొండు మంది నిలబడి ఉన్నారు. వాళ్లు మాకు కనపడుతున్నారు, చేతులూపుతున్నారు, మధ్యలో మాత్రం ఎర్రనీళ్లు. మా దగ్గర ఉన్నవల్లా ఎద్దులకు కట్టే పగ్గాలు. నాలుగు పగ్గాలు ముడేసి విసిరాం. సగం దూరం కూడా పోలేదు. ఆ మిద్దె నిలబడింది కాబట్టి వాళ్లు బతికారు, అంతే. పక్కిల్లు నిలబడలేదు.

పోయిన ఏడాది మా మండలంలో ఆపదలప్పుడు సాయం చేసే వాలంటీర్లకని మూడు రోజులు ట్రైనింగ్ పెట్టారు. మా ఊరి నుంచి పద్నాలుగు మందిమి పోయాం, అందులో ఇద్దరు ఆడపిల్లలు. తాడు ముడులు, బొమ్మ మీద సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి ఊపిరి ఇవ్వడం), మంటలార్పే సిలిండర్ వాడటం, స్ట్రెచర్ లేకుండా దుప్పటితో మనిషిని మోయడం, అన్నీ బాగా నేర్పించారు. సర్టిఫికెట్ ఇచ్చారు, ఫొటో తీశారు. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మా పేర్లు ఏ లిస్టులో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో కూడా తెలీదు.

సామాన్లు మాత్రం వచ్చాయి. నాలుగు లైఫ్ జాకెట్లు, రెండు చుట్టల నైలాన్ తాడు, టార్చిలైట్లు, ఒక స్ట్రెచర్. అవి మా ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక ఆఫీసు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ఒకే ఉద్యోగి దగ్గర. మొన్న వానలకు మా వంక మీది చప్టా పైనుంచి నీళ్లు పోతుంటే బండి మీద వచ్చిన ఒకాయన మధ్యలో ఇరుక్కున్నాడు, కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. తాళం కోసం ఫోన్ చేస్తే ఆ ఉద్యోగి పెళ్లికని ప్రొద్దుటూరు పోయారు. చివరికి ట్రాక్టర్ ట్యూబు, పాత పగ్గాలు. 2021లో ఏవి పట్టుకున్నామో మళ్లీ అవే. మనిషి బయటపడ్డాడు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం గ్రీవెన్స్‌లో (జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో) కలెక్టర్ గారికి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. ఏం అడగాలి, ఎట్లా రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

హంద్రీ గట్టు (కర్నూలు) | ఆదివారం రాత్రి 10.25

తమ్ముడూ, నువ్వు రాసింది చదువుతుంటే నాకు 2009 అక్టోబర్ 2 గుర్తొచ్చింది. గాంధీ జయంతి రోజు కాబట్టి కర్నూలోళ్లకు ఆ తేదీ మరిచిపోయే పని లేదు. పైన తుంగభద్ర, పక్కన హంద్రీ, కింద శ్రీశైలం నిండిపోయి వెనక్కి తన్నిన నీళ్లు. శ్రీశైలానికి ఆ రోజు 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చిందన్నారు. మా పాతబస్తీలో మొదటి అంతస్తు మునిగింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మిద్దెల మీదే రాత్రిళ్లు గడిపాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ మొదటి రాత్రి మా సందులోకి యూనిఫాం వేసుకున్న మనిషి ఒక్కరూ రాలేకపోయారు. వాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్ల ఇళ్లు కూడా మునిగాయి కదా. మమ్మల్ని కాపాడింది నదిలో చేపలు పట్టే నలుగురు. వాళ్ల పుట్టి తెచ్చి మా వీధిలో తిప్పారు. పుట్టి అంటే తెలియని పిల్లలకు చెబుతున్నా, వెదురుతో అల్లిన గుండ్రటి బుట్ట లాంటి పడవ. అందులో మా అమ్మను, పక్కింటి బాలింతను, ఆమె బిడ్డను ఎక్కించుకుని ఎత్తుగా ఉన్న బడి దాకా చేర్చారు. ఆ నలుగురికీ ఏ ట్రైనింగూ లేదు. ఆ తర్వాత వాళ్లను పిలిచి మీరు వరదల సమయంలో మాకు సాయం చేస్తారా అని అడిగినవాళ్లు కూడా లేరు. చేపలు పట్టేవాళ్లు, గజ ఈతగాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. చెరువులో ఎవరైనా పడితే పోలీసులు కూడా వాళ్లనే పిలుస్తారు. కానీ వాళ్లకు బీమా లేదు, ఒక మంచి తాడు లేదు. మీ అర్జీలో వాళ్ల సంగతి తప్పకుండా రాయండి.

---

ఉరవకొండ కుర్రోడు | ఆదివారం రాత్రి 10.50

అన్నా, మనసులో మాట చెబుతా, ఏమీ అనుకోవద్దు. మళ్లీ వాలంటీర్లేనా? నేను 2019 నుంచి గ్రామ వాలంటీర్‌గా చేశా. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు. కరోనా టైంలో ఇంటింటికీ తిరిగాం, ఎవరికి జ్వరం, ఎవరికి మందులు కావాలి అని రాసుకున్నాం. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. ప్రభుత్వం మారితే మా బతుకు రోడ్డు మీద పడింది. ఇప్పుడు మళ్లీ ఊరి కోసం ఉచితంగా నీళ్లలో దూకమంటే ఎవరు దూకుతారు? దూకినోడికి ఏమన్నా అయితే వాళ్ల అమ్మానాన్నను ఎవరు చూస్తారు?

---

చెయ్యేటి ఒడ్డు | ఆదివారం రాత్రి 11.05

తమ్ముడూ నీ బాధ అర్థమైంది. మన రాష్ట్రంలో వాలంటీర్ అనగానే అందరికీ ఆ ఉద్యోగమే గుర్తొస్తుంది, మా ట్రైనింగ్‌లో కూడా మొదటి రోజు సగంమంది జీతం ఎంత అనే అడిగారు. నేను అడుగుతున్నది జీతం కాదు. కానీ నువ్వు చివర అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనది. బీమా ఉండాలి. అది నా కాగితంలో మొదటి పాయింటుగా రాసుకుంటున్నా.

---

రిటైర్డ్ రెవెన్యూ (కడప) | సోమవారం ఉదయం 6.15

నాయనా, ముప్పై ఏళ్లకు పైగా ఈ శాఖలో పనిచేశాను, కాబట్టి అటువైపు నుంచి ఒక మాట. ఆ ఉద్యోగి బీరువాకు తాళం ఎందుకు వేశాడో నాకు తెలుసు. ఆయనకు మీ మీద కోపమేమీ లేదు. ఆ జాకెట్లు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కి ఉంటాయి. ఒక జాకెట్ చిరిగినా, ఒక టార్చి పోయినా రేపు ఆడిట్‌లో ఆయన్నే అడుగుతారు, జీతంలో కోస్తారని భయం. నేను కూడా ఒకప్పుడు వరద సామాన్లను అట్లాగే తాళం వేసి పెట్టాను. అవసరం వచ్చిన రోజు తీసి చూస్తే తాళ్లను ఎలుకలు కొరికేశాయి. ఆ రోజు పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అందుకని మీరు తాళంచెవి ఇవ్వమని అడగొద్దు. సామాన్లను పంచాయతీ స్వాధీనంలో ఉంచుతూ ఒక ఉత్తర్వు ఇవ్వమనండి. ఎవరెవరు తీసుకోవచ్చో ముగ్గురి పేర్లు, తీసుకున్నప్పుడు సంతకం పెట్టే పుస్తకం, వాడకంలో పాడైతే రికవరీ (జీతంలో కోత) ఉండదనే వాక్యం, ఈ మూడూ అందులో ఉండాలి. ఆ ఆఖరి వాక్యం ఉంటే ఏ ఉద్యోగైనా సంతోషంగా ఇచ్చేస్తాడు.

చట్టం మీ వైపే ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో 30వ సెక్షన్ చూడండి. సహాయక చర్యల్లో పాల్గొనే స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ ఏర్పాటు చేయడం జిల్లా యంత్రాంగం పనుల్లో ఒకటని అందులో ఉంది. 41వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. విపత్తుకు సంబంధించిన సామగ్రిని వెంటనే వాడుకోవడానికి వీలుగా ఉంచడం స్థానిక సంస్థల బాధ్యత అంటుంది. తొమ్మిది కిలోమీటర్ల అవతల బీరువాలో ఉన్నది వెంటనే వాడుకోవడానికి వీలుగా ఉన్నట్టు కాదు కదా. ఆ సెక్షన్ నంబర్ అర్జీలో రాయండి, దాని విలువ వేరే.

డబ్బుల్లేవని ఎవరైనా అంటే దానికీ జవాబుంది. 2021 నుంచి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం రాష్ట్ర విపత్తు నిధిని వాటాలుగా విడగొట్టింది. సహాయానికి 40 శాతం, పునర్నిర్మాణానికి 30, ముప్పు తగ్గించే పనులకు 20, మిగతా 10 శాతం సన్నద్ధతకు, శిక్షణకు. అంటే ట్రైనింగులు, సామాన్లు అనేవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు, వాటికంటూ ఒక వాటా పెట్టారు.

---

హంద్రీ గట్టు | సోమవారం ఉదయం 7.02

సార్, ఆ సెక్షన్ల ముక్క నేను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. ఇన్నేళ్లుగా ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

---

స్టాఫ్ నర్సు, కడప | సోమవారం మధ్యాహ్నం 2.30

డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. తమ్ముడూ, మీ ట్రైనింగ్‌లో ఇద్దరు ఆడపిల్లలున్నారన్నావు, చాలా సంతోషం. ఇద్దరు సరిపోరు, సగంమంది ఉండాలి. పగటిపూట ఊళ్లో ఎవరుంటారు చెప్పండి? మగవాళ్లు బెంగళూరుకో, గల్ఫ్‌కో పోయుంటారు, లేదంటే పొలంలో ఉంటారు. ఇంటి దగ్గర మిగిలేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. బట్టలు తడిసిపోయిన ఆడమనిషిని నీళ్లలోంచి తీసి గుండె మీద చేతులు వేసి నొక్కాలంటే మన పల్లెల్లో మగపిల్లలు వెనకాడతారు. ఆ రెండు నిమిషాల సంకోచంలో ప్రాణం పోతుంది. పొదుపు సంఘాల్లో ఆడవాళ్లు నెలనెలా కూర్చుంటారు కదా, ఆ మీటింగ్‌లోనే ఒక అరగంట సీపీఆర్ నేర్పమని అడగండి, కొత్తగా మీటింగ్ పెట్టే పనే లేదు.

సీపీఆర్ ఒకసారి నేర్చుకుంటే సరిపోదు, ఇది నా అనుభవం. మా వార్డులో కొత్తగా చేరిన పిల్లలకు కూడా ఆరు నెలలకోసారి మళ్లీ చేయిస్తాం. రొమ్ము ఎముక కింది సగం మీద, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే అయిదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. చెబితే తేలికగానే ఉంటుంది. బొమ్మ మీద రెండు నిమిషాలు చేసి చూడండి, భుజాలు పడిపోతాయి. అందుకే ఇద్దరు మార్చుకుంటూ చేయాలి. ఏడాది దాటితే ఆ లయ చేతులు మరిచిపోతాయి. నీళ్లలో మునిగినవాళ్లకు నోటితో శ్వాస ఇవ్వడం కూడా ముఖ్యం, 30 నొక్కులకు 2 శ్వాసలు. కడుపు మీద నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తిప్పడం మాత్రం చేయొద్దు. మా దగ్గరికి వచ్చేసరికి ఇవన్నీ చేసే తీసుకొస్తారు, చాలా బాధేస్తుంది.

ఇంకొకటి. వరద ఏడాదికో, అయిదేళ్లకో వస్తుంది. పాము మాత్రం ప్రతి ఏడూ చెనక్కాయలు పెరికే టైంకు వస్తుంది. కట్లపాము రాత్రి పడుకున్నప్పుడు కరిస్తే నొప్పి కూడా సరిగా తెలీదు. రక్తపింజర కరిస్తే వాస్తుంది, రక్తం గడ్డకట్టదు. గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం మానమని ఊరూరా చెప్పేవాళ్లు కావాలి. కాలు కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టి, ఏ ఆసుపత్రిలో పాము మందు ఉందో ముందే తెలుసుకుని నేరుగా అక్కడికే తీసుకెళ్లాలి. ఏ ఆసుపత్రిలో ఉందో ఊరి వాలంటీర్లకు నెలకోసారి మెసేజ్ పెట్టమని అడగండి. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

---

చిత్రావతి (చెన్నేకొత్తపల్లి) | సోమవారం సాయంత్రం 5.48

మీ దగ్గర కట్ట తెగిన రోజునే ఇక్కడ మా చిత్రావతిలో పది మంది చిక్కుకున్నారు. జేసీబీ మీద నిలబడినవాళ్ల వీడియో అప్పట్లో అందరి ఫోన్లలోకీ వచ్చింది. వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి పది మందినీ పైకి లాగింది. హెలికాప్టర్ వస్తే ఒడ్డున ఉన్నవాళ్లందరం ఏడ్చేశాం.

కానీ వాళ్లు అక్కడిదాకా ఎట్లా చేరారు? మొదట కొందరు నీళ్లలో ఇరుక్కున్నారు, వాళ్లను తీసుకురావడానికి పోయిన మిగతావాళ్లు కూడా ఇరుక్కుపోయారు. సాయానికి పోయినవాళ్లే! ధైర్యం ఉంది, మంచి మనసుంది, ఎట్లా పోవాలో తెలీదు. పారే నీళ్లు రెండడుగులుంటే చాలా బండ్లు కొట్టుకుపోతాయని మాకు ఎవరూ చెప్పలేదు. పాత అనంతపురం జిల్లా వాళ్లం మేము, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు. వంకలో నీళ్లు చూడటమే మాకు పండగ. ఈత కూడా రాదు. కోస్తావాళ్లకు తుఫాను అంటే ఏం చేయాలో అమ్మమ్మల కాలం నుంచి తెలుసు, మాకు కరువంటే తెలుసు గానీ వరద అంటే తెలీదు. అందుకే ఈ ట్రైనింగ్ మా సీమకే ఇంకా ఎక్కువ అవసరమని నా మాట.

---

నడిమివంక పక్కన (అనంతపురం) | సోమవారం సాయంత్రం 6.20

అవునన్నా. 2022 అక్టోబర్‌లో మా నడిమివంక పొంగినప్పుడు ఇదే జరిగింది. అర్ధరాత్రి కాలనీల్లోకి నీళ్లు. వంక అంటే ఎండాకాలం చెత్త వేసే చోటనుకునే పిల్లలకు అది పొంగుతుందని ఎట్లా తెలుస్తుంది? మా వీధిలో మసీదు మైకులో చెప్పారు కాబట్టి లేచాం. ఆ మైకులో ఎవరు చెప్పాలి, ఏ మాట చెప్పాలి, విన్నవాళ్లు ఎటు పోవాలి అనేది ముందే రాసి పెట్టి ఉంటే బాగుండేది. ఎందుకంటే కొందరు ఎత్తుకు పోకుండా బండ్లు తీసుకుని వంక వైపే పోయారు. మైకున్న గుడి పూజారి గారిని, మసీదు ఇమామ్ సాబ్‌ను, చర్చి పాస్టర్ గారిని కూడా మీ లిస్టులో చేర్చండి. ఫోన్‌కు వచ్చే మెసేజ్ నిద్రపోయేవాడిని లేపదు.

---

టేకూరు మెకానిక్ (కర్నూలు, హైవే పక్కన) | సోమవారం రాత్రి 9.15

వరదల మీదే మాట్లాడుతున్నారు గానీ నేను రోడ్డు గురించి చెబుతా. 2025 అక్టోబర్ 24న చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయింది కదా, తెల్లవారుజామున మూడు గంటల వేళ. బస్సులో ఉన్నవాళ్లలో 19 మంది, బైకు మీద వచ్చిన అబ్బాయి పోయారు. బతికినవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లు. ఆ పొద్దున నేను అక్కడికి పోయేసరికి ఇనుప చట్రం మిగిలింది. దాని గురించి ఎక్కువ రాయలేను.

ఆ వారమే నా షాపులో రెండు సుత్తులు, ఒక గడ్డపార, పెద్ద మంటలార్పే సిలిండర్ ఒకటి తలుపు పక్కనే వేలాడదీశా. రాత్రి పడుకునే పిల్లోడికి కూడా చూపించా, అద్దాన్ని మధ్యలో కొట్టకు, మూలల్లో కొట్టు అని. హైవే పక్కన దాబాలు, పంక్చర్ షాపులు, టీ కొట్లు రాత్రంతా తెరిచి ఉంటాయి. ఫైరింజను రావడానికి ఎంత తొందరగా వచ్చినా పది ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ మేమే ఉండేది. మాకు ట్రైనింగ్ ఇవ్వండి అని ఎవరినడగాలో తెలీదు. ఒక బోర్డు, ఒక సిలిండర్, ఏడాదికోసారి గ్యాస్ నింపడం, ఇంతే కదా.

ఇంకా చాలామంది దెబ్బ తగిలినోణ్ణి ముట్టుకోవడానికి భయపడతారు, పోలీసు కేసు అవుతుందని. అది ఇప్పుడు లేదని మా వకీలు చెప్పాడు. నిజమేనా ఎవరైనా చెప్పండి.

---

రిటైర్డ్ రెవెన్యూ | సోమవారం రాత్రి 9.50

నిజమే బాబూ. 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. గంట లోపల ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతి 2021లో 5,000 రూపాయలు ఉండేది, 2025లో 25,000 చేశారు. ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే పథకం కూడా 2025 మే నుంచి ఉంది. మీరు ఆ బోర్డు పెట్టించేటప్పుడు ఈ రెండు ముక్కలూ దాని మీద రాయించండి.

---

బెంగళూరు నుంచి పులివెందుల | మంగళవారం ఉదయం 8.10

అన్నా, మా ఆఫీసులో మన జిల్లావాళ్లం పాతిక మంది ఉన్నాం. లైఫ్ జాకెట్లు మేమే కొనిస్తాం, ప్రభుత్వం చుట్టూ తిరగడమెందుకు? ఒక లెక్క చెప్పండి, ఎన్ని కావాలి?

---

చెయ్యేటి ఒడ్డు | మంగళవారం ఉదయం 8.45

తమ్ముడూ, నీ మనసుకు దండం. కానీ వద్దనే చెబుతున్నా, ఎందుకో విను. మీరు కొనిస్తే మా ఊరికి వస్తాయి, పక్క ఊరికి రావు. రెండేళ్ల తర్వాత జిప్పు పోతే ఎవరు మారుస్తారు? వాన మొదలైనప్పుడు పైన ఏ ప్రాజెక్టు గేట్లు ఎత్తారో మాకు చెప్పాల్సింది ప్రభుత్వమే, అది మీరు కొనివ్వలేరు. మాకు దెబ్బ తగిలితే చూసే బీమా మీరు ఇవ్వలేరు. కంట్రోల్ రూం లిస్టులో మా నంబర్లు మీరు ఎక్కించలేరు. సామాన్ల కన్నా ఆ పేరు ఎక్కడమే మాకు ముఖ్యం.

కేంద్రం ఆపద మిత్ర అని పథకం పెట్టింది కదా, 2016లో 30 జిల్లాల్లో 6,000 మందితో మొదలుపెట్టి తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి పెంచారు. 12 రోజుల శిక్షణ, కిట్టు, బీమా. తర్వాత ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల కోసం యువ ఆపద మిత్ర కూడా వచ్చింది. పథకాలు బాగానే ఉన్నాయి. శిక్షణ అయిపోయిన పదమూడో రోజు నుంచి ఏం జరగాలో అక్కడే మనం గట్టిగా అడగాలి.

---

హంద్రీ గట్టు | మంగళవారం ఉదయం 9.30

ఒడిశా సంగతి గుర్తు చేసుకోండి. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది పోయారు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు యాభై మంది కూడా పోలేదు. వాళ్లు షెల్టర్లు కట్టారు, ముందే ఖాళీ చేయించారు, అది అందరికీ తెలుసు. కానీ ఆ షెల్టర్ చూసుకోవడానికి ఊరివాళ్లదే ఒక కమిటీ, ఎవరు ముసలివాళ్లను మోయాలి, ఎవరు చాటింపు వేయాలి అని పంచుకున్న కుర్రాళ్లు, ఏటా డ్రిల్లు. అది ఒక్క ఏడాదిలో రాలేదు, పధ్నాలుగేళ్లు వదలకుండా చేశారు.

---

ఉరవకొండ కుర్రోడు | మంగళవారం రాత్రి 10.05

రెండు రోజులుగా అన్నీ చదివా. ఆ రోజు కొంచెం కోపంగా రాశాను. నా దగ్గర ఒకటుంది, పనికొస్తుందేమో చూడండి. వాలంటీర్‌గా ఉన్నప్పుడు నా యాభై ఇళ్ల పుస్తకం ఒకటి సొంతంగా రాసుకున్నా. ఎవరింట్లో మంచం దిగలేని ముసలవ్వ ఉంది, ఎవరికి డయాలసిస్, ఎవరు నెలలు నిండిన గర్భిణి, ఎవరికి చెవులు వినపడవు, ఎవరికి ట్రాక్టర్ ఉంది అని. నీళ్లొస్తే ముందు ఏ ఇంటికి పోవాలో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఆశా అక్క దగ్గర, అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఇట్లాంటి వివరాలే ఉంటాయి, కానీ ముగ్గురివీ వేరే వేరే పుస్తకాలు. మీ ఊళ్లో పద్నాలుగు మంది ఉన్నారు కాబట్టి ఒక్కొక్కరూ పాతిక ఇళ్లు పంచుకుని రాసుకోండి. ఆరోగ్యం వివరాలు కాబట్టి గ్రూపుల్లో పెట్టొద్దు, చేతిపుస్తకంలోనే ఉంచుకోండి. ఎట్లా గీతలు గీసుకున్నానో ఫొటో పంపిస్తా, పేర్లు కొట్టేసి.

---

స్టాఫ్ నర్సు, కడప | మంగళవారం రాత్రి 10.20

తమ్ముడూ, ఈ మొత్తం చర్చలో ఇదే అన్నిటికన్నా విలువైన మాట. డయాలసిస్ పేషెంటు రెండు రోజులు ఇరుక్కుపోతే ఏమవుతుందో మాకు తెలుసు. తప్పకుండా పంపించు.

---

చెయ్యేటి ఒడ్డు | ఆ పై సోమవారం రాత్రి 8.40

ఈ రోజు అర్జీ ఇచ్చి వచ్చాం. ఆరుగురం పోయాం. రెవెన్యూ సార్ చెప్పినట్టే రాశాం, రెండు పేజీలు దాటలేదు. సామాన్లు పంచాయతీ స్వాధీనానికి, వాడకంలో పాడైతే రికవరీ లేకుండా. శిక్షణ పొందినవాళ్ల పేర్లు, ఫోన్లు జిల్లా కంట్రోల్ రూం లిస్టులో, మా చేతికి గుర్తింపు కార్డు. మాతోబాటు చేపలు పట్టేవాళ్లకు, ఈతగాళ్లకు కూడా బీమా. వానాకాలానికి ముందు ఒకసారి, నవంబర్‌కు ముందు ఒకసారి మళ్లీ శిక్షణ, పొదుపు సంఘాల ఆడవాళ్లతో కలిపి. పైన గేట్లు ఎత్తే ముందు ఊరి మైకున్నవాళ్లకు నేరుగా ఫోన్. పాము మందు ఎక్కడుందో నెలకోసారి మెసేజ్. సెక్షన్ 30, 41 అడుగున రాశాం.

రసీదు ఇచ్చారు. అక్కడున్న ఒక అధికారి రికవరీ వాక్యం చదివి, ఇది ఎవరు చెప్పారయ్యా అని అడిగారు, రిటైరైన పెద్దాయన అని చెప్పాం. ఆయన ఇంకేం మాట్లాడలేదు, ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీసుకున్నారు.

---

చెయ్యేటి ఒడ్డు | ఆ శనివారం సాయంత్రం 6.55

నిన్న మండలం నుంచి ఫోన్ వచ్చింది. బీమా, మళ్లీ శిక్షణ పైకి రాశామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. కార్డుల మాట ఎత్తలేదు. సామాన్లు మాత్రం ఇచ్చారు. సంతకం పెట్టి ఆటోలో ఊరికి తెచ్చుకున్నాం. మా గ్రామ సచివాలయం వరండాలో చెక్కపెట్టెలో పెట్టాం, మూడు తాళంచెవులు, మూడు ఇళ్లలో. నాలుగు జాకెట్లలో ఒకదాని బెల్టు ఎలుకలు కొరికాయి, మా చెప్పులు కుట్టే తాత నైలాన్ పట్టీ వేసి కుట్టిచ్చాడు. నీళ్లలో వేసి బరువు చూస్తేగానీ అది నమ్మలేం.

నీళ్లలోకి విసరడానికి ఇంకొకటి తయారుచేశాం. అయిదు లీటర్ల నూనె క్యాను తీసుకుని పిడికి పదిహేను మీటర్ల తాడు కట్టాం. ఖాళీ క్యాను గాలికి ఎటో పోయింది, రెండు గ్లాసుల నీళ్లు పోసి మూత బిగిస్తే చక్కగా దూరం పోయి పడింది, తేలింది కూడా. మా మేనత్త వాళ్ల మిద్దె మీదికి విసిరి చూశాం, పిట్టగోడ దాటి పడింది. అత్త పైనుంచి దాన్ని పట్టుకుని కాసేపు వదల్లేదు.

రేపు కాక వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు మా చెరువులో ప్రాక్టీసు. నర్సు అక్క సెలవు పెట్టి వస్తామన్నారు. టేకూరు అన్నా, ఆ సుత్తి దెబ్బ మూలలో ఎట్లా కొట్టాలో వచ్చి చూపించు, పాత బస్సు అద్దం ఒకటి దొరికింది. హంద్రీ అన్నా, మీ చేపల వాళ్లలో ఒకరినైనా పుట్టితో సహా తీసుకురాగలరేమో అడుగు, డీజిల్ ఖర్చు మేం వేసుకుంటాం. రైల్లో వచ్చేవాళ్లు నందలూరులో దిగండి, బండి తెస్తా.